‘తగ్గించవచ్చు’ అంటే హామీయా, ఊహా?

సందేహం: ఆరోగ్య పరిశోధనల సమీక్షలను తెలుగులోకి తెస్తున్నాను. ఆధారాలు బలహీనంగా ఉన్నచోట ‘ఈ మందుతో నొప్పిని తగ్గించవచ్చు’ అనీ, ఓ మోస్తరుగా ఉన్నచోట ‘బహుశా తగ్గిస్తుంది’ అనీ రాస్తున్నాను. సరైనదేనా?

సమాధానం: రెండూ మార్చాలి. ‘వచ్చు’ తెలుగులో ఒక్క అర్థానికి కట్టుబడదు. ‘మీరు వెళ్లవచ్చు’ అంటే అనుమతి. ‘ఈ దారిన గంటలో చేరవచ్చు’ అంటే వీలు. ‘రాత్రికి వాన రావచ్చు’ అంటే ఊహ. ‘ఈ మందు నొప్పిని తగ్గించవచ్చు’ అంటే మందే కర్త కాబట్టి ఊహగానే వినిపిస్తుంది. మీ వాక్యంలో ‘మందుతో’ అన్నారు. ఆ ‘తో’ చేరగానే అర్థం వీలు వైపు తిరిగి, ‘వాడండి, తగ్గుతుంది’ అన్న భరోసా అయింది. సమీక్షకులు ఇవ్వని హామీని నొప్పితో బాధపడే మనిషికి మనం ఇచ్చినట్టే.

ఇక ‘బహుశా’. సంస్కృతంలో ‘బహుశః’ అంటే తరచుగా, పలు విధాల అని. తెలుగులో అది మాట్లాడేవారి ఊహకు గుర్తుగా స్థిరపడింది. ‘బహుశా రేపు వస్తాడేమో’ అంటూ వెంట ‘ఏమో’ను కూడా తెచ్చుకుంటుంది. ఎన్నో ప్రయోగాలను కూడి, తూచి చెప్పిన మాటకు అది తగదు.

ఈ సమీక్షల్లో విరివిగా వాడే గ్రేడ్ పద్ధతిలో, ఆధారాలను ఎంత నమ్మవచ్చో చెప్పే నాలుగు స్థాయిలున్నాయి. పైనుంచి కిందికి నేనైతే ఇలా రాస్తాను: ‘తగ్గిస్తుంది’, ‘తగ్గించే అవకాశం ఎక్కువ’, ‘తగ్గించే అవకాశం ఉంది, కానీ ఆధారాలు బలమైనవి కావు’, ‘తగ్గిస్తుందో లేదో ఇప్పుడున్న ఆధారాలతో చెప్పలేం’. మూడోది పొడవైనా ఆ రెండో ముక్కను కత్తిరించకండి.

‘చాలావరకు’, ‘కొద్దిగా’ అనే మాటలను ఈ పనికి వాడకూడదు. అవి ఎంత తగ్గిందో చెబుతాయి, ఆ మాటను ఎంత నమ్మాలో చెప్పవు. రోజూ విటమిన్ సి తీసుకున్న పెద్దల్లో జలుబు ఉండే కాలం సుమారు 8 శాతం తగ్గిందని వైద్య పరిశోధనలను సమీక్షించే అంతర్జాతీయ సంస్థ కాక్రేన్ 2013 నాటి సమీక్ష తేల్చింది. వారం రోజుల జలుబులో అది పూటకు కాస్త ఎక్కువ. తగ్గుదల చిన్నదే, కానీ నిలకడగా కనిపించింది. అక్కడ ‘కొద్దిగా తగ్గిస్తుంది’ అనాలి. తగ్గుదల చిన్నదని ‘తగ్గించవచ్చు’ అంటే, కొలతలోని చిన్నతనాన్ని నమ్మకానికి అంటగట్టినట్టవుతుంది.

ఆధారాలు చాలనిచోట ‘ప్రభావం లేదు’ అని మాత్రం రాయకండి. ‘లేదు’ అనడానికీ గట్టి ఆధారం కావాలి.