బాణీని గుర్తుపట్టడం నీకు వచ్చు కదా

చిరంజీవి మేనకోడలికి, మామయ్య ఆశీస్సులు.

‘స్టార్ వార్స్’ సినిమాలకు బాణీలు కట్టిన జాన్ విలియమ్స్ సంగీతం వినీ వినీ ఇప్పుడు సింఫనీల మీదికి, అంటే ఆర్కెస్ట్రా కోసం భాగాలుగా రాసే పెద్ద కృతుల మీదికి, మనసు పోతోందనీ, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదనీ రాశావు. ‘ప్రశాంతత కోసం’ అంటూ వచ్చే సంకలనాల జోలికి మాత్రం పోకు. అవి నిద్రపుచ్చడానికి కూర్చినవి. నీకు ఇష్టమైనవి యుద్ధమూ, ఉత్కంఠా. అటే పద.

ముందు ఇంగ్లండు స్వరకర్త గుస్తావ్ హోల్స్ట్ గ్రహాల మీద రాసిన ‘ది ప్లానెట్స్’లోని ‘మార్స్’ విను, యుద్ధం తెచ్చే అంగారకుడన్నమాట. 1914లో రాసినది, ఏడు నిమిషాలుంటుంది. ‘స్టార్ వార్స్’కు అలవాటుపడ్డ చెవికి పరాయిగా ఉండదు. చేత్తో లెక్క వేసి చూడు, ఐదు దెబ్బల నడక. సైన్యం రెండులోనో నాలుగులోనో నడవాలి కదా, ఐదులో నడిస్తే అడుగు కుదరదు. భయం అక్కడే పుడుతుంది. చిన్నప్పుడు నేర్చుకున్న తకతకిట ఇన్నాళ్లకు పనికొస్తోంది చూశావా!

‘విలియమ్స్ ఇక్కడినుంచే ఎత్తేశాడు’ అనేవాళ్లు తగులుతారు. వాదించకు. సినిమా ఎడిటింగ్ దశలో దర్శకులు పాత రికార్డులను బొమ్మ మీద తాత్కాలికంగా పెట్టుకుని, అలాంటిదే కావాలని అడగడం మామూలే. ఒక్కోసారి ఆ రికార్డే మిగిలిపోతుంది. 1968లో దర్శకుడు కూబ్రిక్ ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’ సినిమా కోసం అలెక్స్ నార్త్ రాసిన సంగీతాన్ని పక్కన పెట్టేసి, రిహార్డ్ స్ట్రాస్ పాత కృతి ‘ఆల్సో స్ప్రాహ్ జరథుస్త్ర’నే ఉంచుకున్నాడు. ఆ సూర్యోదయపు బాకాలు నీకు తెలుసు. అసలు కృతి అరగంట పైన సాగుతుంది, ఆ బాకాలు మొదటి రెండు నిమిషాలలోపే అయిపోతాయి. తరువాత ఏమవుతుందో విను.

అసలు చెప్పాలనుకున్నది చెక్ స్వరకర్త డ్వోరాక్ తొమ్మిదో సింఫనీ గురించి. 1893లో న్యూయార్క్‌లో తొలిసారి వాయించారు. నాలుగు భాగాలు, నలభై నిమిషాల పైచిలుకు. మొదటి భాగంలో, నెమ్మదైన ఎత్తుగడ అయ్యాక, హార్న్‌లు ఒక బాణీ పలుకుతాయి. దాన్ని పట్టుకో. రెండో భాగంలో ఇంగ్లీష్ హార్న్ (పేరు హార్నే గానీ, సన్నాయి లాంటి ఊదే వాద్యం) మీద వచ్చే పాటకు అందరూ కరిగిపోతారు, నువ్వూ కరుగు. అయితే ఆ భాగం చివర్లో మొదటి బాణీ ఉన్నట్టుండి విరుచుకుపడుతుంది. నాలుగో భాగంలో పాతవాళ్లందరూ మళ్లీ వస్తారు. ‘స్టార్ వార్స్’ విలన్ డార్త్ వేడర్ తెర మీదికి రాకముందే అతని బాణీ విని నువ్వు కుర్చీలో సర్దుకుని కూర్చుంటావే, ఇక్కడ కావలసినదీ ఆ చెవే. పాత్ర ఉండదు, బాణీయే పాత్ర. అందుకే వారమంతా ఈ ఒక్క సింఫనీయే విను. పది కృతులు తలా ఒకసారి వింటే ఏ బాణీ తిరిగొచ్చిందో ఎలా తెలుస్తుంది?

బస్సులో వినకు. సినిమా సంగీతంలో ధ్వనిని చాలామటుకు ఒకే ఎత్తులో సర్దుతారు. ఆర్కెస్ట్రాలో మెల్లనిది నిజంగానే మెల్లన. వినబడటం లేదని శబ్దం పెంచుకుంటే, మరుక్షణం చెవులు చిల్లులు పడతాయి. రాత్రి, ఇంట్లో, ఫోను అవతల పెట్టి విను.

జర్మన్ స్వరకర్త వాగ్నర్ ‘రింగ్’ ఉంది, నాలుగు ఒపెరాలూ (పాడుతూ నడిచే సంగీత నాటకాలు) కలిపి పదిహేను గంటలు. పాత్రకొక బాణీ అనే పద్ధతిని ఆయన ఎంత దూరం తీసుకుపోయాడో అక్కడ తెలుస్తుంది. ఇప్పుడే వద్దు.

ముంబయిలో 2006 నుంచి సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా ఉంది. హైదరాబాదు నుంచి ఒక రాత్రి రైలు ప్రయాణం. కచేరీల వివరాలు చూసి చెప్పు, టికెట్లు నేను తీస్తాను. భాగానికీ భాగానికీ మధ్య చప్పట్లు కొట్టరు. అనుమానంగా ఉంటే పక్కవాళ్లు కొట్టాకే కొట్టు.

మీ మామయ్య