గొర్రెల మందకు కాపలా ఉండే కుక్కలను పాముకాటు నుంచి ఎలా కాపాడుకోవాలి?

అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం దగ్గర మీ మందకు కాపలా ఉన్న రెండు కుక్కల్లో ఒకటి పాముకాటుతో చనిపోయిందని, రెండోదాన్నయినా కాపాడుకోవడానికి దొడ్డి చుట్టూ చల్లే మందు ఏదైనా ఉందా అని అడిగారు. చల్లితే పాము రాకుండా చేసే నమ్మకమైన మందు లేదు. వెల్లుల్లి రసం, గంధకం పొడి, ఫినాయిల్ వంటివి పామును ఆపవు. కార్బాలిక్ యాసిడ్ అయితే కుక్క పాదాలను కాల్చేస్తుంది, అది పాదాలు నాకితే కడుపులోకీ పోతుంది. నేనూ ఈ జిల్లాలోనే జీవాలు పెంచుతున్నాను. కుక్క రాత్రి ఎక్కడ పడుకుంటుంది, కాటు పడితే విరుగుడు ఇంజెక్షన్ ఎంత త్వరగా అందుతుంది అన్న రెండు విషయాలే దాని ప్రాణాన్ని నిలబెడతాయని నా అనుభవం.

మొదట పడక సంగతి చూడండి. శెనక్కాయ పీకి కాయలు విడిపించాక మిగిలిన కట్టెను మేత కోసం దొడ్డి పక్కనే వామి వేయడం మనకు అలవాటు. అందులో మిగిలిపోయిన కాయల కోసం ఎలుకలు చేరతాయి, ఎలుకల కోసం రక్తపింజర చేరుతుంది, వెచ్చగా ఉంటుందని కుక్క కూడా ఆ వామి మొదట్లోనే పడుకుంటుంది. ఎండిన కట్టెలో చుట్టుకుని ఉన్న పింజరను పట్టపగలు రెండడుగుల దూరం నుంచి చూసినా నేను పోల్చుకోలేకపోయాను. ప్రెషర్ కుక్కర్ ఆవిరి వదిలినట్టు అది బుసకొట్టాకే తెలిసింది. అందుకే వామిని దొడ్డికి దూరంగా వేయించి, కుక్క కోసం కడప బండలతో రెండడుగుల ఎత్తున అరుగు కట్టించాను. ఎత్తు ఉన్నంత మాత్రాన పాము ఎక్కలేదని కాదు, కానీ ఎలుక కోసం నేల మీద తిరిగే పాముకు కుక్క అడ్డు రాకుండా ఉంటుంది. అరుగు చుట్టూ గడ్డి, రాళ్ల కుప్పలు ఉంచకండి. కుక్క తినగా మిగిలిన సంగటిని రాత్రిపూట అక్కడే వదిలేస్తే ఎలుకలను మనమే పిలిచినట్టు అవుతుంది. గొలుసుతో కట్టేసిన కుక్కకు పాము ఎదురైతే వెనక్కి తగ్గే దారి ఉండదు కాబట్టి, కట్టక తప్పనప్పుడు శుభ్రం చేసిన చోటే కట్టండి. రక్తపింజర గుడ్లు పెట్టదు, పిల్లలనే కంటుంది. ఎక్కువగా జూన్, జూలై నెలల్లో, తరచుగా 20 నుంచి 40 దాకా పిల్లలు పుడతాయి, వాటికీ పుట్టగానే విషం ఉంటుంది. తొలకరి వానల్లో కాలి కింద చూసుకుంటూ తిరగవలసింది ఇందుకే.

పామును చూసి మొరిగి మీదికి పోయే కుక్కను మెచ్చుకోవడం మన ఊళ్లలో చాలామంది చేస్తారు. అది కుక్కకు చేటు. వాసన చూడడానికి మూతి, ముందుకాళ్లు ముందుకు పెడుతుంది కాబట్టి కాటు ఎక్కువగా అక్కడే పడుతుంది. పిలవగానే ఏ పనైనా వదిలి వెనక్కి వచ్చేలా చిన్నప్పటి నుంచే అలవాటు చేయండి. నేను రబ్బరు గొట్టం ముక్కకు తాడు కట్టి నేల మీద లాగిస్తూ, కుక్క దాని వైపు ఉరకగానే పిలిచి, తిరిగి వస్తే తినడానికి పెట్టేవాణ్ణి. బతికున్న పాముతో ఈ ప్రయత్నం చేయవద్దు.

ఎంత జాగ్రత్తపడినా కాటు పడవచ్చు. ఒక కార్తీక మాసం సాయంత్రం మా కుక్కను పింజర మూతి మీద కాటేసింది. వెంట్రుకల్లో కోరల గుర్తులు కనబడలేదు గానీ, పెదవి పైనుంచి సన్నగా నెత్తురు కారుతూనే ఉంది, చూస్తుండగానే కన్ను మూసుకుపోయేంతగా మూతి వాచింది. పశువుల డాక్టరు గారు 2 మిల్లీలీటర్ల రక్తం తీసి పొడి గాజు గొట్టంలో పోసి, 20 నిమిషాలు కదపకుండా ఉంచి, తర్వాత వంచి చూపించారు. గడ్డ కట్టవలసిన రక్తం నీళ్లలా జారింది. విరుగుడు మందు ఎక్కించాకే ఆ కారడం ఆగింది. నాగుపాము, కట్లపాము కాటులో లక్షణాలు వేరుగా ఉంటాయి. కనురెప్పలు వాలడం, చొంగ కారడం, కాళ్లు తడబడడం, చివరకు ఊపిరి అందకపోవడం కనిపిస్తాయి. కట్లపాము కాటుకు వాపు కూడా దాదాపు ఉండదు.

మన దేశంలో దొరికే విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర అనే నాలుగింటికీ కలిపి తయారైనది కాబట్టి పామును చంపి పట్టుకురావలసిన పని లేదు. మనుషులకు ఇచ్చే ఆ మందునే కుక్కలకూ ఇస్తారు. కుక్క చిన్నదైనంత మాత్రాన మోతాదు తగ్గదు, ఎందుకంటే పాము ఎక్కించే విషం కుక్క బరువును బట్టి మారదు. పశువుల ఆసుపత్రిలో ఈ మందు ఎప్పుడూ ఉంటుందని అనుకోకండి. వానాకాలానికి ముందే డాక్టరు గారితో మాట్లాడి, ఆయన రాసిచ్చిన చీటీతో సీసాలు కొని ఇంట్లో ఫ్రిజ్‌లో పెట్టుకోండి. ఇంజెక్షన్ మాత్రం ఆయన చేతనే చేయించండి, ఎందుకంటే ఆ మందు పడక ప్రాణం మీదికి వస్తే వెంటనే అడ్రినలిన్ ఇవ్వవలసి ఉంటుంది. రాత్రిపూట దొరికే డాక్టరు ఎవరో, బండి ఎవరిదో ముందే తెలుసుకోండి. సంచార పశువైద్య సేవల కోసం 1962 నంబరు కూడా ఉంది. ఈ సమాధానం చదివే కడప జిల్లా వారికి ప్రొద్దుటూరు పశువైద్య కళాశాల దగ్గరవుతుంది.

కాటు పడిన కుక్కను నడిపించకుండా ఎత్తుకుని బండిలోకి చేర్చండి. చిరుత భయంతో మెడకు మేకుల పట్టీ కట్టి ఉంటే ముందు దాన్ని తీసేయండి, వాపు మెడకు దిగితే అదే ఊపిరి బిగిస్తుంది. తాడు బిగించి కట్టడం, కోయడం, పసరు పోయడం వద్దు. గొంతు పనిచేయని కుక్క నోట్లో పోసిన పసరు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నొప్పి మాత్రలు రక్తస్రావాన్ని పెంచి మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. ఊళ్లో వేసే స్టిరాయిడ్ ఇంజెక్షన్ విషాన్ని విరవదు, దానికోసం ఆగిన సమయమంతా నష్టమే.

కోలుకున్న కుక్కను వెంటనే మంద వెంట పంపకండి. పింజర కాటు తర్వాత మూత్రం ఎర్రబడినా, తగ్గిపోయినా మూత్రపిండాల రక్తపరీక్ష చేయించి, డాక్టరు గారు సరేనన్నాకే పనిలోకి దించండి.