బొగ్గు దండిగా ఉన్న ఇండోనేషియాలో గ్యాస్ బండ కోసం క్యూ ఎందుకు?

ప్రపంచంలో అందరికంటే ఎక్కువ థర్మల్ బొగ్గు (కరెంటు ప్లాంట్లలో కాల్చేది) ఎగుమతి చేసే ఇండోనేషియాలో జనం గ్యాస్ బండ కోసం ఎందుకు క్యూ కడుతున్నారు, ఆ బొగ్గు డబ్బంతా ఎటు పోతోంది అని అడిగారు. బోర్నియో దీవిలో తూర్పు కలిమంతాన్ అనే రాష్ట్రంలోని సమరిండాలో కొన్నేళ్లు బొగ్గు కార్గో సర్వేయర్‌గా పనిచేశాను కాబట్టి నాకు తెలిసింది చెప్తాను.

ఆ దేశానికి దండిగా ఉన్న ఇంధనం వేరు, అక్కడి ఇళ్లలో రోజూ వాడేది వేరు. మట్టి కింద ఉన్నది బొగ్గు. బైకుకి కావాల్సింది పెట్రోలు, పొయ్యికి కావాల్సింది ఎల్‌పీజీ. ఒకప్పుడు ముడి చమురు కూడా అమ్మిన దేశమే, చమురు అమ్మే దేశాల కూటమి ఒపెక్‌లో 1962లోనే చేరింది. బావులు పాతబడ్డాయి, బళ్లు పెరిగాయి, 2000 దాటాక చమురు బయటి నుంచి కొనుక్కోవాల్సి వచ్చింది. గ్యాస్ సంగతి కొత్తవాళ్లకి అసలు అర్థం కాదు. సమరిండాకి కొన్ని గంటల దూరంలోని బొంటాంగ్ నుంచి 1977లోనే జపాన్‌కి ఎల్‌ఎన్‌జీ (చల్లబరిచి ద్రవంగా మార్చిన సహజవాయువు) ఓడలు వెళ్లడం మొదలైంది. కానీ ఆ గ్యాస్‌లో ఎక్కువ భాగం మీథేనే, బండలో నింపే ప్రొపేన్, బ్యూటేన్ తక్కువ. 2007 నుంచి ప్రభుత్వమే కిరోసిన్ మాన్పించి ఇంటింటికీ 3 కిలోల ఆకుపచ్చ బండలు ఇచ్చింది. ఇప్పుడు ఆ ఎల్‌పీజీలో ముప్పాతిక వంతు దాకా దిగుమతే. 2025 ఫిబ్రవరిలో చిల్లర దుకాణాల్లో ఆ బండలు అమ్మకూడదన్నారు. దాంతో ఊరూరా క్యూలు కట్టారు, కొద్ది రోజులకే ప్రెసిడెంటు ప్రబోవో ఆ ఆదేశాన్ని వెనక్కి తీసుకున్నారు.

ఇక డబ్బు సంగతి. నా లెక్కలో అక్కడి గొడవలన్నిటికీ మూలం ఒకటే: దేశం లోపలి ధర, బయటి ధర వేరువేరుగా ఉండటం. పెట్రోలు ఎక్కువకి కొని తక్కువకి అమ్ముతారు. 2022లో పెట్రోలు, గ్యాస్, కరెంటు సబ్సిడీలన్నిటికీ కలిపి 502 లక్షల కోట్ల రూపియాలు కేటాయించారు. అప్పటికీ సరిపోక సెప్టెంబరులో పెర్టలైట్ అనే సబ్సిడీ పెట్రోలుని లీటరు 7,650 రూపియాల నుంచి 10,000కి పెంచారు. బొగ్గులో కథ తిరగబడుతుంది. ప్రతి గనీ తన ఉత్పత్తిలో కనీసం 25 శాతం దేశంలోనే అమ్మాలి, 2018 నుంచి కరెంటు ప్లాంట్లకి టన్ను 70 డాలర్లకి మించి అమ్మకూడదు. ఆ చవక బొగ్గు వల్ల కూడా కరెంటు బిల్లు జనానికి భారం కాకుండా ఉంది. బయట ధర తక్కువగా ఉన్నంతకాలం ఈ రూలు ఎవరికీ బరువనిపించదు. 2021 నవంబరులో మార్కెట్‌ని బట్టి ప్రభుత్వం నెలనెలా ప్రకటించే రిఫరెన్స్ ధరే టన్ను 215 డాలర్లకి చేరింది. అలాంటప్పుడు 70కి అమ్మమంటే ఎవరు ముందుకొస్తారు? గనులన్నీ ఎగుమతి వైపే చూశాయి, ప్రభుత్వ విద్యుత్ సంస్థ పీఎల్‌ఎన్ దగ్గర నిల్వలు అడుగంటాయి. దాదాపు 20 ప్లాంట్లు, 10,850 మెగావాట్లు ఆగిపోయే ప్రమాదం ఉందంటూ 2022 జనవరి 1 నుంచి ఎగుమతులు మొత్తం ఆపేశారు.

ఆ రోజుల్లో నేను పెద్ద ఓడలు సముద్రంలో లంగరేసి ఆగే ముఆరా బెరావు దగ్గరే ఉన్నాను. మహాకం నది మీదుగా 300 అడుగుల బార్జి ఏడెనిమిది వేల టన్నుల బొగ్గు మోసుకొస్తుంది. సముద్రంలో తేలే క్రేన్ దాన్ని పెద్ద ఓడలోకి ఎత్తిపోస్తుంది. మా పని చిన్న పడవలో ఓడ చుట్టూ తిరుగుతూ ముందు, మధ్య, వెనక రెండు వైపులా, ఓడ ఎంత లోతు మునిగిందో చూపే ఆరు అంకెలు చదివి, ఎంత సరుకు ఎక్కిందో లెక్క కట్టడం. అల వచ్చినప్పుడల్లా అంకె మునిగి తేలుతుంటుంది, ఓపిగ్గా చూడాలి. మన దేశానికి ఎక్కువగా వచ్చే, కిలోకి 4,200 కిలోకేలరీల వేడి ఇచ్చే రకంలో తడి చాలా ఎక్కువ, టన్నులో మూడో వంతు దాకా నీళ్లే ఉంటాయి. కుప్పగా ఎక్కువ రోజులు పడి ఉంటే తనంతట తనే వేడెక్కి పొగ రావడం మొదలవుతుంది. అలాంటి సరుకు నిండిన ఓడలు, సంతకాలన్నీ అయిపోయి కూడా, కదలడానికి అనుమతి లేక నిలబడిపోయాయి. రోజుకి వేల డాలర్ల డెమరేజి, అంటే ఓడని ఆలస్యంగా నిలిపినందుకు కట్టే డబ్బు. మద్రాసు నుంచి ఒకటే ఫోన్లు, "అన్నా, ఓడ బయల్దేరిందా లేదా?" అని. ఏం చెప్పాలో తెలియని టెన్షన్. జపాన్, కొరియా, ఫిలిప్పీన్స్ ప్రభుత్వాలు అడిగాక నెల మధ్య నుంచి మెల్లగా వదిలారు.

వాళ్ల ప్రభుత్వాన్ని నేను తప్పుపట్టను. తన జనానికి కరెంటు ముందు, ఎగుమతి తర్వాత. కొనేవాళ్లు అది లెక్కలో పెట్టుకునే ఒప్పందాలు రాసుకోవాలి. ఇలాంటి దెబ్బ మన నెల్లూరు జిల్లాకి అంతకుముందే తగిలింది. కృష్ణపట్నంలో 4,000 మెగావాట్ల అల్ట్రా మెగా కరెంటు ప్రాజెక్టు ఇండోనేషియా బొగ్గుని నమ్ముకుని మొదలైంది. ఎగుమతి బొగ్గుని రిఫరెన్స్ ధర కంటే తక్కువకి అమ్మకూడదని 2010లో ఆ దేశం రూలు తెచ్చింది, దాంతో బొగ్గు ఖర్చు పెరిగి 2011లో ఇక్కడ పని ఆగిపోయింది. ఇండోనేషియా బొగ్గు వాడే గుజరాత్‌లోని ముంద్రా కరెంటు ప్లాంట్ల కేసులో 2017లో సుప్రీంకోర్టు కూడా వేరే దేశంలో చట్టం మారితే ఆ భారం కరెంటు కొనేవాళ్ల మీద వేయడం కుదరదని చెప్పింది.

తూర్పు కలిమంతాన్ జీడీపీలో సుమారు 40 శాతం గనులదే. గని నడిచినంత కాలం డ్రైవర్లు, మెకానిక్‌లు, హోటళ్లవాళ్లు బాగానే సంపాదిస్తారు. తవ్వి వదిలేసిన గుంతలు మాత్రం పూడ్చరు. వానకి నిండి పచ్చటి చెరువుల్లా ఇళ్ల పక్కనే ఉంటాయి. 2011 నుంచి వాటిలో పడి 30 మందికి పైగా చనిపోయారు, వాళ్లలో ఎక్కువమంది పిల్లలే. పూడ్చడానికి గనుల దగ్గర ముందే డిపాజిట్ కట్టించుకునే చట్టం ఉండి కూడా ఇలా జరగడం నాకు ఎప్పటికీ మింగుడుపడదు.

మన దేశం కొనడం తగ్గిస్తే వాళ్లు తవ్వడం ఆపేస్తారా అంటే, అంత తొందరగా ఆపరు. 2020లో నికెల్ ఖనిజం ఎగుమతి ఆపేసి, ఫ్యాక్టరీలు తమ దగ్గరే పెట్టించుకున్నారు. సులవేసిలోని మొరొవాలి లాంటి చోట్ల ఆ ఫ్యాక్టరీలకి సొంత బొగ్గు ప్లాంట్లు ఉన్నాయి. 2022లో కొత్త బొగ్గు ప్లాంట్లు వద్దని అప్పటి ప్రెసిడెంటు జోకో విడోడో ఇచ్చిన ఉత్తర్వులో ఇలాంటివాటికి మినహాయింపు పెట్టారు. ఆ ప్లాంట్లకి కావాల్సిన బొగ్గు చాలావరకు బార్జి మీదే కలిమంతాన్ నుంచి నేరుగా అక్కడికి వెళ్తుంది. ఎగుమతి పడిపోతే ముందు పని పోయేది లంగరు దగ్గర క్రేన్లవాళ్లకి, మా లాంటి సర్వేయర్లకి.