గండుపిల్లి ధాన్యం బస్తాల మీద చిమ్ముతోంది, ఫినాయిల్ వేసినా ఆగట్లేదు

ప్రశ్న: ఎలకల కోసమని ఒక గండుపిల్లిని పెంచుతున్నామండి, పది నెలలుంటాయి. ఇన్నాళ్ళూ దొడ్లో ఇసకలో పోసి కప్పెట్టేది. సంక్రాంతి ముందు నుంచి వసారాలో ధాన్యం బస్తాల మీద, దొడ్డి తలుపు మీద, బండి టైరు మీద చిమ్ముతోంది. పండక్కి మా అబ్బాయి హైదరాబాద్ నుంచి వచ్చి సూట్‌కేస్ దింపిన పది నిమిషాల్లో దాని మీద కొట్టింది. ఫినాయిల్‌తో కడిగాం, కర్రతో బెదిరించాం, ఇంకా ఎక్కువైంది. మా ఆవిడ ఊరవతల వదిలేసి రమ్మంటోంది. ఏంటండీ దీనికి రోగం?

జవాబు: రోగం కాకపోవచ్చండీ, వయసు. పది నెలలంటే దాని లెక్కలో మీసాలొచ్చిన కుర్రాడు.

అయినా ముందు అది ఎలా పోస్తోందో ఒకసారి కాపు కాసి చూడండి. నిలబడి, వెనక్కి తిరిగి, తోక నిలువుగా లేపి వణికిస్తూ కాస్త చిమ్మి వెళ్ళిపోతే అది హద్దు పెట్టుకోవడం. అలా కాకుండా మాటిమాటికీ కూర్చుని ముక్కుతూ, అరుస్తూ, చుక్క కూడా రాకపోతే మాత్రం ఇది చదవడం ఆపేసి పశువుల డాక్టర్ దగ్గరికి పరిగెత్తండి, మగపిల్లికి మూత్రం దారి బాగా సన్నం, మూసుకుపోతే ఒకటి రెండు రోజుల్లో ప్రాణం మీదకి వస్తుంది.

హద్దే అయితే, మీరు చెప్పిన నాలుగూ పక్కపక్కన పెట్టి చూడండి. గోతాలు మిల్లుకీ కల్లానికీ ఊరంతా తిరిగొచ్చినవి, ఎన్ని ఎలకలు, ఎన్ని పిల్లులు వాటి మీద పడుకున్నాయో. టైరు రోజూ వీధులన్నీ దొర్లి వస్తుంది. సూట్‌కేస్ బస్సు డిక్కీలోంచి దిగింది. ఇక దొడ్డి తలుపు దగ్గరికి రాత్రిళ్ళు ఇంకో గండుపిల్లి వస్తూ ఉండాలి, గమనించండి. అంటే బయటి వాసన ఇంట్లోకొచ్చిన ప్రతిచోటా మీవాడు సర్వే రాయి పాతుతున్నాడు. మన రాయైతే పాతితే ఉంటుంది, దాని వాసన రోజురోజుకీ తగ్గిపోతుంది కాబట్టి మళ్ళీ వచ్చి అదే చోట కొడతాడు. మా ఇంట్లో ఉన్నవాడు కూడా నేను పశువుల పాకలు తిరిగొచ్చిన రోజే నా బ్యాగు పని పట్టేవాడు, ఆఫీసులో కూర్చున్న రోజు దాని జోలికి పోయేవాడు కాదు.

ఆ కంపుకి కారణం ఫెలినైన్ అనే పదార్థం, మగ హార్మోను ఉంటే అది ఎక్కువ తయారవుతుంది, బయటికొచ్చాక విడిపోయి గంధకం వాసన కొడుతుంది, అందుకే చిమ్మినప్పటికన్నా తర్వాత ముక్కు బద్దలవుతుంది. ఫినాయిల్ దాన్ని పోగొట్టదు, పైన ఇంకో ఘాటైన కొత్త వాసన పూస్తుందంతే, దాంతో వాడు మళ్ళీ తన ముద్ర వేయాల్సొస్తుంది. పైగా పిల్లి లివర్ ఆ మందుని సరిగ్గా విరగ్గొట్టలేదు, పాదాలకి అంటింది నాకితే విషం. కలరా ఉండలూ అంతే, పెట్టొద్దు. గోరువెచ్చని నీళ్ళలో బట్టల సబ్బు పొడి కలిపి తుడిచి, ఆరాక సర్జికల్ స్పిరిట్‌తో ఇంకోసారి తుడవండి. గోతాలైతే నానబెట్టి ఉతికి ఎండలో పడేయండి, తడిసిన గింజలు తీసేయండి. బస్తాలు గోడకి అడుగు దూరంలో చెక్కల మీద పేర్చి పైన టార్పాలిన్ కప్పితే కడగడమూ తేలిక, చెమ్మా పట్టదు.

కర్ర కూడా పక్కన పెట్టేయండి. భయపడ్డ పిల్లి ఇంకా ఎక్కువ చిమ్ముతుంది, కాకపోతే మీరు చూడని చోట.

అసలు మందు వట్టలు తీయించడం. నూటికి దాదాపు తొంభై గండుపిల్లుల్లో ఈ అలవాటు మానడమో బాగా తగ్గడమో జరుగుతుంది, కొన్నిట్లో వెంటనే, కొన్నిట్లో కొన్ని వారాలు పడుతుంది. ఎద్దులకి నొక్కే పటకారుతో పని కానిచ్చేద్దాం అని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు, మత్తిచ్చి డాక్టరే చెయ్యాలి. మీ ఊరి ఆసుపత్రిలో వీలుకాకపోతే గన్నవరం, తిరుపతి, ప్రొద్దుటూరు, గరివిడి, ఈ నాలుగు వెటర్నరీ కాలేజీల్లో మీకు దగ్గరున్నదానికి తీసుకెళ్ళండి. తర్వాత ఎలకలు పట్టదేమో అని చాలామంది అడుగుతారు, పడుతుందండి, వేటకీ దానికీ సంబంధం లేదు. పైగా రాత్రిళ్ళు కొట్లాటలకి పోయి చీము గాయాలతో రావడం తగ్గుతుంది.

ఈలోగా రాత్రి మిగిలిన అన్నం, చేపల తుక్కు దొడ్లో పారేయకండి, బయటి పిల్లి వచ్చేది దానికోసమే. మీవాడి పాల గిన్నె తీసుకెళ్ళి బస్తాల పక్కనే పెట్టండి, తినే చోట సాధారణంగా చిమ్మదు. ఊరవతల వదిలేస్తే ఆ ఖాళీలోకి బయటి గండుపిల్లే వచ్చి కూర్చుంటుంది, అది మీ మాట అసలు వినదు, అమ్మగారికి ఆ సంగతి చెప్పండి.

అబ్బాయి మళ్ళీ వస్తే సూట్‌కేస్ గదిలో పెట్టి గడియ వేసుకోమనండి.