రాడ్లు సాపు చేయించొద్దు అబ్బీ

ప్రొద్దుటూరు

చిరంజీవి మేనల్లుడికి మామ ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి అంతా చెప్పింది. కడపలో కోటిరెడ్డి సర్కిల్ దగ్గర ఆటో అడ్డమొచ్చి నువ్వు బండి మీద నుంచి పడిన సంగతి ఇన్నాళ్లకా నాకు తెలిసేది? ఫోన్ చేస్తే మామ తిడతాడని దాచిపెట్టినావా? తిట్టేవాణ్ని నిజమే. తిట్టి, ఆ తర్వాత బస్సెక్కి వచ్చేవాణ్ని. మోచెయ్యి గీసుకుపోవడంతో పోయింది, దేవుని కడప స్వామి దయ.

ఏజెంటు ఎవరూ లేకుండా బండి ఇన్సూరెన్స్ క్లెయిమ్ అంతా నువ్వే చూసుకున్నావంట, 12,000 అకౌంట్లో పడిందంట. అందులో 2,000 పెట్టి బయట మెకానిక్ దగ్గర ముందు చక్రాన్ని పట్టుకునే షాకప్ రాడ్లు కొత్తవి వేయకుండా వంకర తీసి సాపు చేయించి, మిగతా 10,000 చెల్లెలి నర్సింగ్ కాలేజీ ఫీజుకు కడతానన్నావంట. ఆ మాట చెప్పేటప్పుడు మీ అమ్మ గొంతు పూడుకుపోయింది. నాకు కూడా కడుపు నిండింది రా. కానీ ఫోన్ పెట్టేశాక నాకు నిద్ర పట్టలేదు. ఎందుకో కింద రాస్తాను. ముందు ఒక్క మాట: ఫీజు సంగతి నాకు వదిలెయ్. చెల్లెలి చదువు నీ ఒక్కడి బరువు కాదు. మామ ఉన్నాడు. నీకు ఊరికే తీసుకోవడం ఇష్టం లేకపోతే అప్పు అనుకో, ఉద్యోగంలో కుదురుకున్నాక ఇద్దువు.

షోరూం ఎస్టిమేట్ 16,600 అయితే కంపెనీ 12,000 ఇచ్చి కోసేసిందని బాధపడ్డావంట. కోత కాదు, లెక్క అంతే. రబ్బరు, ప్లాస్టిక్ సామాన్లకు పాలసీలో సగమే ఇస్తారు. నీ 4,000కు 2,000. ఇనుప సామాన్లకు బండి వయసును బట్టి తరుగు తీస్తారు. నీ బండికి మూడేళ్లు దాటి నాలుగు నిండలేదు కాబట్టి 25 శాతం. అంటే 10,000కు 7,500. లేబరు 2,600కు తరుగు లేదు. అంతా కూడితే 12,100, అందులో మన వంతు కింద 100 పోతే 12,000. ఇప్పుడు చూడు, రిపేరుకు కావలసిన దానికే 4,600 తక్కువ వచ్చింది. ఆ తక్కువలోంచి ఇంకా 10,000 తీస్తానంటే అది మిగులు ఎట్లవుతుంది?

పైగా నువ్వు బిల్లులు పెట్టకుండా నగదు కింద సెటిల్ చేసుకున్నావు. డబ్బు ఏం చేసినావని ఇప్పుడు ఎవరూ అడగరు. కానీ ఇదే దెబ్బకు రెండోసారి ఇవ్వరు. సాపు చేసిన రాడ్డు రేపు పోయి మళ్లీ క్లెయిమ్‌కు పోతే, నష్టం లెక్కకట్టే కంపెనీ సర్వేయరు ముందు ఈ క్లెయిమ్‌కు పెట్టిన ఫోటోలే తీసి చూస్తాడు. అందుకే పని అయ్యాక కొత్త సామాన్ల బిల్లులు, బండి ఫోటోలు దాచిపెట్టు.

ఇంతవరకు మీ అమ్మ కూడా నీకు చెప్పని సంగతి ఒకటి ఉంది. మీ నాయన మోకాలు వాతం వల్ల పట్టేసిందని కదా నీకు తెలిసింది. కాదు.

1998లో, నువ్వు పుట్టకముందు, మైదుకూరు దగ్గర ఒక లారీ మా బావ బండిని తగిలి పోయింది. దెబ్బలేం తగల్లేదు. లారీ యజమాని మంచివాడు, 3,000 చేతిలో పెట్టినాడు. అప్పుడే మీ చిన్నత్త పెళ్లి కుదిరింది. బావ 300 ఇచ్చి రాడ్లు ప్రెస్సులో పెట్టించి, గ్యాస్ మంటతో కాల్చి సాపు చేయించినాడు. మిగిలిందంతా పెళ్లి బట్టలకు ఇచ్చినాడు. నేను అప్పుడు డిపోలో మెకానిక్‌ని. కొత్తవి వేయించు బావా అంటే, "నీకు బస్సులు చూసీ చూసీ అన్నిటికీ భయమే" అన్నాడు. ఎవరైనా అదే అంటారు. బండి చూస్తే నిటారుగా ఉంది, నడిపితే బాగానే నడుస్తోంది.

పెళ్లయిన కొన్నాళ్లకు రాయచోటి పోయి తిరిగొస్తూ, గువ్వలచెరువులో మీ అమ్మకు పాలకోవా కట్టించుకొని ఘాట్ దిగుతున్నాడు. మలుపులో బ్రేకు పట్టినాడు. ముందు భాగం కిందికి దిగింది, తిరిగి లేవలేదు. వంకర ఉన్న చోట రాడ్డు లోపల పట్టేసింది. అంతలో గుంత. షాకప్ పని చేయక ఆ దెబ్బంతా హ్యాండిల్‌కు వచ్చింది. హ్యాండిల్ చేతిలోంచి తిరిగిపోయింది. రాళ్ల మీద పడినాడు. పక్కన లోయ ఉంది అబ్బీ. వెనకే వస్తున్న మా డిపో బస్సు డ్రైవరు ఆపి, ఎక్కించుకొని కడప ఆసుపత్రిలో చేర్చినాడు.

మరుసటి రోజు బండి నేనే విప్పినాను. రాడ్లను హ్యాండిల్‌కు కలిపి పట్టి ఉంచే కింది టీకి కొంచెం కిందగా, సరిగ్గా సాపు చేసిన చోటనే రాడ్డు మళ్లీ వంగింది. ఆ చోట చుట్టూ క్రోమింగు వేరుశనక్కాయ పొట్టులా లేచింది. గోరుతో గీకితే ఊడి వచ్చింది. ఆ పొట్టు ఆయిల్ సీలును కోసేసి, ఆయిలంతా కారిపోయింది. ఒకసారి వంగిన రాడ్డును కాల్చి సాపు చేస్తే కంటికి నిటారుగా కనబడుతుంది, బలం మాత్రం పోతుంది. మీ నాయన ఇప్పటికీ కింద కూర్చుని అన్నం తినలేడు. ఆయన కూడా నీలాగే ఇంట్లో ఆడబిడ్డ కోసమే ఆ డబ్బు మిగిల్చినాడు. ఆయన్ని తప్పు పట్టను, నిన్నూ పట్టను. కానీ నువ్వు వారానికి రెండుసార్లు మందుల ఆర్డర్ల కోసం అదే ఘాట్ ఎక్కి దిగుతున్నావు.

కాబట్టి పని ఇట్లా చేయించు. హ్యాండిల్ నిటారుగా పెడితే చక్రం పక్కకు చూస్తోందంటే, రాడ్లు టీలో తిరిగిపోయి ఉండొచ్చు. బోల్టులు వదులు చేసి సరిచేస్తే అది పోతుంది, దానికి ఖర్చు లేదు. రాడ్లే వంగినాయో లేదో తేల్చాలంటే వాటిని బయటికి తీయించి, గాజు పలక మీద దొర్లించమను. నువ్వు పక్కనే కూర్చో. రాడ్డుకూ గాజుకూ మధ్య వెలుతురు కనబడిందా, రాడ్లు రెండూ కొత్తవే వేయించు. ఒక్కటే మారిస్తే చాలన్నా వినొద్దు. తర్వాత ఇంజన్ కింద దిమ్మె పెట్టి ముందు చక్రం పైకి లేపి, హ్యాండిల్‌ను మెల్లగా ఆ చివరి నుంచి ఈ చివరికి తిప్పు. సరిగ్గా మధ్యకు రాగానే టక్కున పట్టుకుంటే కోన్ సెట్, అంటే హ్యాండిల్ తిరిగే బేరింగులు కూడా మార్చాలి. అల్లాయ్ చక్రానికి సన్న చీలిక ఉన్నా వెల్డింగు మాట ఎత్తనీయొద్దు.

ట్యాంకు సొట్ట, సైడు డూము గీతలు, లెగ్‌గార్డు వంకర అన్నీ అట్లే ఉండనీ. వాటితో ప్రాణానికేం కాదు. ఇండికేటర్, బ్రేకు లివరు మాత్రం మార్చు.

హెల్మెట్ నేలకు తగిలిందని మీ అమ్మ అంది. పైన గీత ఒక్కటే ఉందని అదే పెట్టుకుంటున్నావంట. ఈ రోజే దాన్ని తీసెయ్. లోపలి థర్మోకోల్ ఒక్క దెబ్బకే నలిగిపోతుంది, పైనుంచి చూస్తే తెలియదు. రెండో దెబ్బకు అది కాపాడదు. బండి పాలసీలో హెల్మెట్‌కు డబ్బు రాదు, దానికి నేను పంపుతాను. ఐఎస్ఐ గుర్తు చూసి, గట్టిగా పట్టేది కొను. ఆ డబ్బు కూడా ఫీజులో వేసినావో, నేనే వచ్చి షాపుకు తీసుకుపోతాను.

మూడేళ్లు క్లెయిమ్ లేకుండా వచ్చిన 35 శాతం బోనస్ ఈసారి పోయింది. వచ్చే రెన్యువల్‌కు ప్రీమియం పెరుగుతుంది. పెరిగిందని సొంత నష్టం పాలసీ మానెయ్యొద్దు. థర్డ్ పార్టీ ఒక్కటే ఉంటే మన బండికి పైసా రాదు.

పని అయ్యేదాకా రాయచోటికి బస్సులో పో. ఆఫీసులో ఏమన్నా అంటే నాతో మాట్లాడించు. ఆదివారం ఇంటికి రా, అత్త అలసంద వడలు చేస్తానంది. మార్చిన పాత రాడ్లు మెకానిక్ దగ్గర వదిలిపెట్టొద్దు. ఎవరో సాపు చేసి ఇంకో పిల్లోడి బండికి వేస్తారు. గోనెసంచిలో చుట్టుకొని బస్సులో తీసుకొనిరా.

మీ మామ