చిగురేసిన తేదీ రాసుకోవడం గురించి, చిన్నోడికి

ఒరేయ్ చిన్నోడా,

ఏడాదంతా చెట్లని చూస్తూ ఆకులు ఎప్పుడొస్తున్నాయో ఎప్పుడు రాలుతున్నాయో రాసుకుంటానన్నావు, భలే సంతోషమేసింది. నేను పదకొండేళ్లు చేశా ఈ పని, అందులో మొదటి మూడేళ్లు దండగైపోయాయి, నీకలా కాకూడదనే ఇదంతా, పొడుగైనా ఓపిగ్గా చదువు.

నేనేం చేశానంటే రోజూ వెళ్లే దారిలో ఉంది కదా అని ఒక రావి చెట్టుని పట్టుకున్నా. దాని పక్కనే పెద్ద వీధిలైటు, చెట్టు మొదట్లో నీళ్ల పైపొకటి ఎప్పుడూ కారుతా ఉండేది. మిగతా రావి చెట్లన్నీ మోడుల్లా నిలబడ్డా దీనికి లైటు వైపు కొమ్మలు పచ్చగానే ఉండేవి, నేనేమో అబ్బో వాతావరణం మారిపోయింది అని పేజీలకి పేజీలు నింపేశా. రాత్రంతా వెలుతురు పడితే చాలా చెట్లకి పగలు ఇంకా తగ్గలేదన్నట్టే ఉంటుంది, ఆకు రాల్చడం లేటవుద్ది, పైగా వేళ్లకి నీళ్లందుతుంటే ఎండలు ముదిరాయన్న సంగతే దానికి తెలీదు. అంటే మూడేళ్లూ నేను రాసింది ఒక బల్బు గురించి, ఒక పైపు గురించి! అందుకే ఒకే జాతివి మూడు చెట్లన్నా తీసుకో, లైట్లకీ నీళ్లు పారే చోటుకీ దూరంగా ఉన్నవి.

చెట్టంతా చూడాలనుకోకు, కళ్లు మోసం చేస్తాయి. చేతికందే కొమ్మ ఒకటి చూసి దారం కట్టు, వారానికి రెండుసార్లు అదే కొమ్మ చూడు. ఏమీ లేకపోయినా "ఏమీ లేదు" అని రాయి, ఇది మాత్రం మర్చిపోవద్దు, ఎందుకంటే ఆ లైన్లు లేకపోతే నువ్వు రాసిన తేదీ చిగురొచ్చిన తేదీ కాదు, నీకు తీరికై చూసిన తేదీ. రావికైతే కొమ్మ చివర మొనదేలిన సన్నటి తొడుగులో ఆకు మొగ్గ ఉంటుంది, అది ఉబ్బి, విడిపోయి, లోపల్నుంచి చుట్ట చుట్టుకున్న ఆకు బయటికొస్తుంది, రాగిరంగులో, తడిగుడ్డలా వేలాడుతూ, తొడుగేమో ఎండి రాలిపోతుంది. మొగ్గ ఉబ్బిన రోజు, తొడుగు విడిన రోజు, ఆకు పరుచుకున్న రోజు, పచ్చబడిన రోజు, అన్నీ వేరువేరుగా రాయి. రాలేటప్పుడు మాత్రం పాతిక, సగం, ముప్పాతిక అని అందాజుగా రాస్తే చాలు.

ఇంక కారణాల సంగతి. చలి దేశాల్లో చాలా చెట్లకి ముందు తగినంత చలి పడాలి, ఆ తర్వాత వేడి పోగవ్వాలి, అప్పుడే మొగ్గ విచ్చుకుంటుంది. ఎండలు ముందొస్తే చిగురూ ముందే రావాలి కదా అనుకుంటాం, కానీ చలికాలం మరీ వెచ్చగా గడిస్తే మొగ్గకి నిద్ర సరిపోక కొన్నిటికి లేటు కూడా అవుద్ది. యూరప్‌లో బీచ్ (beech) అనే చెట్టుంది, అలాంటిదైతే వేడొచ్చినా తొందరపడదు, పగలు పొడుగయ్యేదాకా ఆగుతుంది. తొందరపడితే ఏమవుద్దో 2021లో ఫ్రాన్స్‌లో చూశారు, మార్చి చివర్లో వెచ్చబడేసరికి ద్రాక్ష మొగ్గలు విచ్చుకున్నాయి, ఏప్రిల్‌లో మంచు పడి మాడిపోయాయి.

వేడి దేశాల్లో లెక్క వేరు, అక్కడ పెత్తనమంతా నీళ్లదే. వానలు వెనకపడ్డ ఏడాది టేకు ముందే ఆకులు రాల్చేస్తుంది. నాకు బాగా నచ్చేదేంటంటే కొన్ని చెట్లు వాన పడకముందే, మండుటెండల్లోనే చిగురేస్తాయి. ఆకులు రాల్చేశాక నీళ్లు ఆవిరైపోయే దారి మూసుకుపోతుంది, కాండం మెల్లగా నీళ్లు పట్టుకుంటుంది, లోతు వేళ్లుంటే ఇంకా మంచిది, ఆ నీళ్లతోనే కొత్తాకు. కాబట్టి చిగురు చూసి వానొచ్చిందని రాసేయకు, వానని వేరే కాలమ్‌లో మిల్లీమీటర్లలో రాయి, పక్కనే ఆ రోజు ఎక్కువ తక్కువ టెంపరేచర్లు కూడా.

రెండేళ్లు రాసి క్లైమేట్ మారిందని మాత్రం అనకు, నేనలా అని నవ్వులపాలయ్యా. ఇంగ్లండ్‌లో రాబర్ట్ మార్షమ్ అనే ఆయన 1736లో చెట్ల చిగుళ్లు, పక్షుల రాకలు రాయడం మొదలెడితే ఆయన వంశంవాళ్లు 1958 దాకా రాస్తూ వచ్చారు, ఏ ఏడాది వెచ్చగా ఉంటే ఏ చెట్టు ఎన్నాళ్లు ముందుకి జరుగుతుందో ఇప్పటివాళ్లు చెప్పగలుగుతున్నారంటే అలాంటి నోట్‌బుక్కుల వల్లే. నువ్వు అంత చేయక్కర్లేదులే, చేతి రాత మారినా పద్ధతి మారకుండా చూసుకో చాలు.

మొగ్గలొచ్చేదాకా ఆగుదామనుకోకు, ఇప్పుడు నిండా ఆకులున్నా ఈ వారమే మొదలెట్టు. నిలబడే చోట నేల మీద ఒక రాయి పెట్టుకో, ప్రతిసారీ అక్కణ్నుంచే ఫొటో తియ్యి. నెలయ్యాక మొదటి పేజీ నాకు పంపు, "ఏమీ లేదు" అని ఎన్ని లైన్లున్నాయో లెక్కపెడతా.

మీ బాబాయ్