బీడీఎస్ చదివి ఫోరెన్సిక్ వైపు వెళ్లొచ్చా?

గాజువాక నుంచి ఒక తల్లి రాశారు: "మా అమ్మాయి ఇంటర్ సెకండియర్ బైపీసీ. పళ్లను బట్టి నేరస్థుల్ని, చనిపోయినవాళ్లను గుర్తుపట్టే డాక్టర్ అవుతానంటోంది. ఫోరెన్సిక్ డెంటిస్ట్రీ అంటారట. వాళ్ల నాన్నగారు 'శవాల పని మనకెందుకు' అంటున్నారు. అసలు ఇది ఉద్యోగమేనా? ఎటు నుంచి వెళ్లాలి?"

అమ్మా, ముందు వాళ్ల నాన్నగారి మాటకు జవాబు చెప్తాను. మిగతాదంతా దాని మీదే ఆధారపడి ఉంది.

సముద్రంలో చేపల వేటకెళ్లిన మనిషి తిరిగి రాలేదు అనుకోండి. కొన్నాళ్లకు ఎక్కడో తీరంలో గుర్తుపట్టలేని శవం దొరికింది. అది ఆయనదేనని తేలితే ఇంట్లోవాళ్లు కర్మ చేసుకుంటారు, డెత్ సర్టిఫికెట్ వస్తుంది, ఇన్సూరెన్స్ డబ్బు చేతికొస్తుంది. తేలకపోతే ఆ మనిషి కాగితాల్లో 'కనిపించకుండా పోయినవాడు'గానే ఉండిపోతాడు. మన చట్టంలో అలాంటివాళ్లు చనిపోయినట్టు భావించడానికి మామూలుగా ఏడేళ్లు గడవాలి. ఆ ఏడేళ్లూ భార్య పడే అవస్థ ఊహించండి. మీ అమ్మాయి చేస్తానంటున్న పని శవం కోసం కాదు, ఆ ఇంటి కోసం. ఈ మాట ఆయనతో నెమ్మదిగా చెప్పండి.

పళ్లే ఎందుకంటే, మనిషి ఒంట్లో అన్నిటికన్నా గట్టిది పంటి పైపొర ఎనామిల్. చర్మం కాలిపోయి వేలిముద్రలు దొరకనప్పుడు కూడా పళ్లు చాలావరకు మిగులుతాయి. పెద్ద ప్రమాదాల్లో మృతులను గుర్తించడానికి అంతర్జాతీయ పోలీసు సంస్థ ఇంటర్‌పోల్ ప్రధానంగా తీసుకునే ఆధారాలు మూడే: వేలిముద్రలు, పళ్లు, డీఎన్‌ఏ. మన ఊరికి ఇది దూరపు సంగతేమీ కాదు. 1997 సెప్టెంబరులో రిఫైనరీలో మంటలు లేచి యాభై మందికి పైగా పోయిన రోజును విశాఖలో పెద్దవాళ్లెవరూ మరిచిపోలేదు.

పని ఎలా ఉంటుందో మీ అమ్మాయికి ఇలా చెప్పండి. మనిషి బతికుండగా తీసిన పళ్ల ఎక్స్‌రే, డాక్టరు రాసుకున్న చార్ట్ ఒక పక్క పెడతారు. శవం పళ్లకు కొత్తగా తీసిన ఎక్స్‌రే ఇంకో పక్క. రూట్ కెనాల్ ఎక్కడ చేశారు, క్యాప్ ఏ పంటికి ఉంది, ఫిల్లింగ్ ఆకారం ఏమిటి, వేర్లు ఎటు వంగాయి అని ఒక్కో పన్నూ చూస్తారు. ఇందులో నాకు బాగా నచ్చే లాజిక్ ఒకటుంది. పాత రికార్డులో ఉన్న పన్ను శవానికి లేకపోతే ఫరవాలేదు, ఆ తర్వాత పీకించుకుని ఉండొచ్చు. అదే రికార్డులో పీకేసిన పన్ను శవానికి కనిపిస్తే మాత్రం, ఆ రికార్డు సరైనదైతే, ఆ మనిషి ఈ మనిషి కాదు. మిగతా పళ్లు ఎంత పోలినా సరే. అలాంటి జాగ్రత్త ఉన్న బుర్ర కావాలి ఈ పనికి.

చిక్కల్లా పాత రికార్డు దొరకడంలోనే ఉంది. 2004 సునామీలో థాయిలాండ్‌లో చనిపోయిన విదేశీయుల్లో చాలామందిని, వాళ్ల దేశాల నుంచి వచ్చిన పళ్ల రికార్డులతోనే గుర్తించారు. మన దగ్గర పన్ను నొప్పి వస్తే తప్ప డాక్టర్ దగ్గరకు వెళ్లం. వెళ్లినా ఎక్స్‌రే మన చేతికే ఇచ్చేస్తారు, అది ఏ అలమారలోనో పోతుంది. 2025 జూన్‌లో అహ్మదాబాద్‌లో విమానం కూలినప్పుడు ఎక్కువమందిని డీఎన్‌ఏతోనే గుర్తించారు. డీఎన్‌ఏకైనా పన్ను పనికొస్తుంది. దాని లోపలి గుజ్జు గట్టి పెట్టెలో దాచినట్టు భద్రంగా ఉంటుంది మరి. ఏ రికార్డూ లేనప్పుడు పెళ్లి ఫొటోలో నవ్వు, ఫోన్‌లో ఉన్న పాత సెల్ఫీ కూడా తీసుకుని ముందు పళ్ల వరసతో పోల్చి చూస్తారు.

ఇక నేరస్థుల సంగతి. మీ అమ్మాయికి ఆసక్తి పుట్టింది బహుశా ఇక్కడే. ఇక్కడే నేను కాస్త గట్టిగా చెప్పాలి. ఢిల్లీ నిర్భయ కేసులో బాధితురాలి ఒంటి మీది పంటి గాట్లను నిందితుల పళ్ల అచ్చులతో పోల్చారు. ధార్వాడ్ దంత కళాశాల నిపుణుడు ఇచ్చిన ఆ నివేదికను 2017లో సుప్రీంకోర్టు కూడా పరిగణనలోకి తీసుకుంది. కానీ ఆ కేసులో డీఎన్‌ఏ, ఇంకా ఎన్నో సాక్ష్యాలు ఉన్నాయి. గాటు ఒక్కదాన్నే నమ్ముకుంటే ఏమవుతుందో అమెరికాలో రే క్రోన్ అనే ఆయన్ని చూస్తే తెలుస్తుంది. పంటి గాటు ప్రధాన సాక్ష్యంగా 1992లో ఆయనకు మరణశిక్ష వేశారు. 2002లో డీఎన్‌ఏ పరీక్షతో నిర్దోషి అని తేలింది. చర్మం సాగుతుంది, వాస్తుంది, అందులో అచ్చు సరిగ్గా నిలవదు. అందుకే ఇప్పుడు గాటు ఆకారం కన్నా దాని మీద మిగిలిన లాలాజలం నుంచి వచ్చే డీఎన్‌ఏకే ఎక్కువ విలువ. 'ఈ గాటు ఇతనిదే' అని కోర్టులో తేల్చి చెప్పేయడం కన్నా 'చెప్పలేను' అనడానికే ఎక్కువ ధైర్యం కావాలి.

వయసు అంచనా కూడా ఈ పనిలో భాగమే. నిందితుడికి పద్దెనిమిది నిండాయా లేదా అన్న ప్రశ్న వస్తే ముందు స్కూల్, బర్త్ సర్టిఫికెట్లు చూడమంటుంది చట్టం. అవి లేనప్పుడే వైద్య పరీక్ష. జ్ఞానదంతం వేరు ఎంతవరకు ఏర్పడిందో ఎక్స్‌రేలో చూసి అంచనా వేస్తారు. అది అంచనాయే, పుట్టినరోజు చెప్పదు.

ఇప్పుడు దారి. నీట్ రాసి పళ్ల డాక్టర్ డిగ్రీ బీడీఎస్, ఇంటర్న్‌షిప్‌తో కలిపి అయిదేళ్లు. ప్రభుత్వ డెంటల్ కాలేజీలు విజయవాడ, కడపల్లో ఉన్నాయి. మన దగ్గర గీతం, సంగివలస అనిల్ నీరుకొండ ప్రైవేటువి, ఫీజు ముందే కనుక్కోండి. ఆ తర్వాత ఓరల్ పాథాలజీలో, అంటే నోటి జబ్బుల శాస్త్రంలో, మూడేళ్ల పీజీ ఎండీఎస్ చేయొచ్చు. లేదా గాంధీనగర్‌లోని జాతీయ ఫోరెన్సిక్ సైన్సెస్ విశ్వవిద్యాలయంలో ఫోరెన్సిక్ ఓడొంటాలజీ (ఫోరెన్సిక్ డెంటిస్ట్రీకే ఇంకో పేరు) ఎమ్మెస్సీ చేయొచ్చు.

ఉద్యోగమేనా అని అడిగారు. దీని కోసమే నెల జీతమిచ్చే పోస్టులు మన దేశంలో చాలా తక్కువ. ఎక్కువమంది కాలేజీలో పాఠాలు చెబుతూనో, క్లినిక్ నడుపుతూనో, కేసు వచ్చినప్పుడు పోలీసులకు సాయం చేస్తారు. అంటే మీ అమ్మాయి రోజూ చూసేది బతికున్నవాళ్ల పుచ్చిపళ్లే. ఆ పని ఇష్టం లేకపోతే బీడీఎస్ వద్దు. ల్యాబ్ ఇష్టమైతే ఫోరెన్సిక్ సైన్స్‌లో ఎమ్మెస్సీ ఉంది, విశాఖలోనే ప్రాంతీయ ఫోరెన్సిక్ ల్యాబ్ ఉంది. పోస్టుమార్టం వైపు మనసుంటే ఎంబీబీఎస్ తర్వాత ఫోరెన్సిక్ మెడిసిన్‌లో ఎండీ చేయాలి.

నీట్ టెన్షన్ మొదలవకముందే ఒక పని చేయండి. మీకు తెలిసిన పళ్ల డాక్టర్‌ని అడిగి, రెండు శనివారాలు సాయంత్రం మీ అమ్మాయిని క్లినిక్‌లో ఓ మూల కూర్చోబెట్టండి. పేషెంట్లు ఒప్పుకుంటే పక్కన నిలబడి చూడనివ్వండి. ఇంటికొచ్చాక తను ఏం చూసిందో, ఏది విసుగనిపించిందో రాయమనండి. ఆ కాగితం నాకు పంపితే బీడీఎస్ దరఖాస్తు గురించి అప్పుడు వివరంగా మాట్లాడుకుందాం.